అల్యూమినియం క్లోరైడ్ హైడ్రేట్‌ను వేడిచేస్తే అనార్ద్ర లవణం ఎందుకు రావడం లేదు?

పరీక్షనాళిక

వేదిక సభ్యులకు నమస్కారం. అనార్ద్ర (నీరు లేని) అల్యూమినియం క్లోరైడ్ తయారు చేయాలని నేను చేసిన ప్రయోగంలో తూకం ఎంతకూ సరిపడడం లేదు. ఎక్కడ పొరబడ్డానో తెలుసుకోగోరుతున్నాను.

ఆరు నీటి అణువులున్న అల్యూమినియం క్లోరైడ్ హైడ్రేట్ స్ఫటికాలను 4.83 గ్రాములు తూచి పింగాణీ మూసలో వేసి, మొదట సన్నని మంట మీద, తరువాత మూస అడుగు ఎర్రబడే దాకా బర్నర్ మీద వేడిచేశాను. స్ఫటికాలు ముందు తమ నీటిలోనే కరిగినట్లు తడితడిగా మారి, బుడగలు వచ్చి, ఆ తరువాత తెల్లని పొడిగా గట్టిపడ్డాయి. ముక్కును మండించే ఘాటైన పొగ చాలాసేపు వచ్చింది. తేమ చేరని పాత్ర అయిన డెసికేటర్‌లో చల్లార్చి తూచితే మిగిలింది 1.12 గ్రాములు మాత్రమే. నీరంతా పోయి అనార్ద్ర లవణం మిగిలి ఉంటే 2.67 గ్రాములు ఉండాలని నా లెక్క.

అంతకు ముందు వారం ఇదే పద్ధతిలో బేరియం క్లోరైడ్ డైహైడ్రేట్‌ను వేడిచేసినప్పుడు నూటికి 14.7 వంతుల బరువు తగ్గి, పుస్తకంలో చెప్పిన విలువకు చక్కగా సరిపోయింది. కాపర్ సల్ఫేట్‌లోనూ అంతే. ఇక్కడ మాత్రం ఎందుకు తప్పిందో ఆలోచిస్తే, అల్యూమినియం క్లోరైడ్ 180 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉత్పతనం చెందుతుందని, అంటే కరగకుండా నేరుగా ఆవిరి అవుతుందని, చదివిన సంగతి గుర్తుకు వచ్చింది. మంట ఎక్కువ కావడం వల్ల తయారైన లవణంలో సగానికి పైగా పొగ రూపంలో ఎగిరిపోయిందని అనుకుంటున్నాను. మంట తగ్గించి మళ్లీ చేస్తే ఫలితం వస్తుందా?

తులాదండం

మీరు తూకాలు జాగ్రత్తగా రాసిపెట్టుకోవడం వల్ల ఈ ప్రశ్నకు జవాబు వెతకడం తేలికైంది. 4.83 గ్రాముల హైడ్రేట్ అంటే సరిగ్గా 0.02 మోల్. అందులో ఉన్న అల్యూమినియం 0.54 గ్రాములు. ఆ అల్యూమినియం మొత్తం ఆక్సైడ్‌గా, అంటే అల్యూమినాగా మారితే 1.02 గ్రాములు రావాలి. మీకు వచ్చింది 1.12 గ్రాములు. ఈ రెండు అంకెలు ఇంత దగ్గరగా ఉండడం యాదృచ్ఛికం అనుకోను. మూసలో మిగిలింది క్లోరైడ్ కాదని, ఇంకా పూర్తిగా మారని కొద్దిపాటి క్షార క్లోరైడ్ (క్లోరిన్ కొంత, ఆక్సిజన్ కొంత ఉన్న లవణం) కలిసిన అల్యూమినా అని నా అభిప్రాయం.

అయితే ఉత్పతనం చెంది పోయిందన్న మీ ఊహ కూడా తూకం ఒక్కదాన్ని బట్టి తప్పని తేల్చలేము. ఎగిరిపోయిన లవణం ఎంతైనా కావచ్చు కనుక మిగిలినది 1.12 గ్రాములు కావడానికి అదీ వీలైన కారణమే. అందుచేత రెండు చిన్న పరీక్షలు చేయండి. మిగిలిన పొడిలో చిటికెడు తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, కాసిన్ని నీళ్లలో వేయండి. అది అనార్ద్ర అల్యూమినియం క్లోరైడ్ అయితే సుయ్యిమని చప్పుడు చేస్తూ, వేడెక్కి, పొగలు కక్కుతూ కరుగుతుంది. అల్యూమినా అయితే అడుగున అలాగే కూర్చుంటుంది. పైనున్న నీటిని వడకట్టి, నైట్రిక్ ఆమ్లం ఒక చుక్క కలిపి, సిల్వర్ నైట్రేట్ ద్రావణం వేసి చూడండి. పెరుగు లాంటి తెల్లని అవక్షేపం చిక్కగా వస్తే మీ ఊహ నిజం. పలుచగా మసకబారి ఊరుకుంటే నాది నిజం.

ఇంకొక మాట. వేడిచేసేటప్పుడు మూస మీద చల్లని వాచ్ గ్లాస్ ఏదైనా పట్టారా? పట్టి ఉంటే దాని అడుగున ఏమి చేరిందో చెప్పండి.

కొలిమి

తులాదండం గారి లెక్క సరైనదే. నా సూచన ఒక్కటి: గాలిలో కాకుండా పొడి హైడ్రోజన్ క్లోరైడ్ వాయు ప్రవాహంలో వేడిచేయండి. జలవిశ్లేషణ (లవణం నీటితో చర్య జరిపి విడిపోవడం) వల్ల హైడ్రోజన్ క్లోరైడ్ బయటికి పోతున్నది కనుక, అదే వాయువును బయటి నుంచి నింపితే చర్య వెనక్కి మళ్లుతుంది. మెగ్నీషియం క్లోరైడ్ హైడ్రేట్‌ను అనార్ద్ర రూపానికి తెచ్చేది ఈ పద్ధతిలోనే కదా.

రసాయన బోధకుడు

కొలిమి గారు చెప్పిన సూత్రం మెగ్నీషియం విషయంలో నూటికి నూరుపాళ్లు సరైనది. అల్యూమినియం దగ్గరకు వచ్చేసరికి మాత్రం అది చాలదు. ఈ ప్రశ్న ఏటా నా తరగతిలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు కనుక కొంచెం వివరంగా రాస్తాను.

మనం కాగితం మీద హైడ్రేట్ సూత్రాన్ని రాసే తీరే మనల్ని పొరపాటు పడేలా చేస్తుంది. ముందు అల్యూమినియం క్లోరైడ్ అని రాసి, చుక్క పెట్టి, ఆరు నీటి అణువులు రాస్తాము. దాంతో అల్యూమినియానికి క్లోరిన్ అంటుకుని ఉన్నట్టు, నీరు తడిబట్టలో తేమ లాగా పక్కన చేరి ఉన్నట్టు మనసులో బొమ్మ ఏర్పడుతుంది. నిజానికి ఆ స్ఫటికంలో అల్యూమినియానికీ క్లోరిన్‌కూ మధ్య ఒక్క బంధం కూడా లేదు. ఆరు నీటి అణువులు తమ ఆక్సిజన్‌లోని ఎలక్ట్రాన్ జంటలతో అల్యూమినియం అయాను చుట్టూ ఆరు వైపుల నుంచి సమన్వయ బంధాలతో బిగుసుకుని ఉంటాయి. క్లోరైడ్ అయానులు మూడూ ఆ గుంపుకు వెలుపల నిలబడి ఉంటాయి. హైడ్రేట్ తయారైన క్షణానే అల్యూమినియం–క్లోరిన్ బంధాలు తెగిపోయాయి. వేడిచేసి వాటిని తిరిగి తెప్పించాలంటే క్లోరైడ్ అయాను లోపలికి చొచ్చుకువచ్చి ఆక్సిజన్‌ను గెంటివేయాలి.

ఆ పని ఎందుకు జరగదో అయాను పరిమాణం చెబుతుంది. ఆరు సమన్వయ సంఖ్యతో ఉన్నప్పుడు బేరియం అయాను వ్యాసార్ధం 135 పికోమీటర్లు, ఆవేశం రెండు. మెగ్నీషియం అయానుకు ఆవేశం అంతే గాని వ్యాసార్ధం 72. అల్యూమినియం అయాను వ్యాసార్ధం 53.5 మాత్రమే, ఆవేశం మూడు. ఇంత చిన్న చోట ఇంత ఆవేశం కేంద్రీకృతమైనప్పుడు అది తనకు కట్టుబడిన నీటి అణువులోని ఎలక్ట్రాన్‌లను తన వైపు గట్టిగా లాగుతుంది. ఫలితంగా ఆ నీటిలోని హైడ్రోజన్ పట్టు సడలి ప్రోటాన్‌గా వదిలిపోవడానికి సిద్ధంగా ఉంటుంది. అల్యూమినియం క్లోరైడ్ జలద్రావణం నీలి లిట్మస్‌ను ఎర్రగా మార్చడానికి కారణం ఇదే. ఆరు నీటి అణువులతో ఉన్న ఆ అయాను ఆమ్ల బలం వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లానికి దాదాపు సమానమంటే విద్యార్థులు మొదట నమ్మరు.

ఇప్పుడు వేడిచేయండి. బేరియం దగ్గర నీటికి పట్టు తక్కువ కనుక నీరు నీరుగానే వెళ్లిపోతుంది. అల్యూమినియం దగ్గర నీటి అణువు వెళ్లడం కంటే, దాని హైడ్రోజన్ బయట ఉన్న క్లోరైడ్‌తో కలిసి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుగా పోవడం తేలిక. ఆక్సిజన్ లోహం దగ్గరే మిగిలిపోతుంది. రెండు మోల్‌ల హైడ్రేట్ నుంచి ఆరు మోల్‌ల హైడ్రోజన్ క్లోరైడ్, తొమ్మిది మోల్‌ల నీరు పోయి, ఒక మోల్ అల్యూమినా మిగులుతుంది. పరీక్షనాళిక గారి ముక్కును మండించిన పొగ ఆ వాయువే.

మెగ్నీషియం ఈ రెండింటికీ నడుమ ఉన్నది. వట్టిగా వేడిచేస్తే క్షార క్లోరైడ్‌గా, ఆక్సైడ్‌గా చెడుతుంది. హైడ్రోజన్ క్లోరైడ్ ప్రవాహంలోనో, అమ్మోనియం క్లోరైడ్ కలిపో వేడిచేస్తే అనార్ద్ర లవణం దక్కుతుంది. అల్యూమినియం–ఆక్సిజన్ బంధం అంతకంటే చాలా బలమైనది. వాయు ప్రవాహం విఘటనాన్ని కొంత వెనక్కి నెడుతుందే గాని అనార్ద్ర లవణాన్ని చేతికి ఇవ్వదు.

కొలిమి

వివరణకు ధన్యవాదాలు, మాస్టారూ. మెగ్నీషియంకు పనికొచ్చిన కిటుకు అల్యూమినియంకు కూడా పనికొస్తుందని తొందరపడి రాశాను. నా సూచనను ఉపసంహరించుకుంటున్నాను. అయితే ఒక సందేహం మిగిలింది. ఆక్సిజన్ పట్టు అంత గట్టిదైతే, అల్యూమినా నుంచి క్లోరైడ్ తయారు చేసే పాత పద్ధతి ఎలా సాధ్యమైంది?

లోహకాంతి

దీనికి నేను జవాబిస్తాను, ఎందుకంటే లోహాల చరిత్రలో నాకు మిక్కిలి ఇష్టమైన ఘట్టం ఇది. 1825లో డెన్మార్క్ శాస్త్రవేత్త అయర్‌స్టెడ్ అల్యూమినాను బొగ్గుపొడితో కలిపి, ఎర్రగా కాలుస్తూ దాని మీదుగా పొడి క్లోరిన్ వాయువును పంపాడు. క్లోరిన్ ఒక్కటే అల్యూమినాలోని ఆక్సిజన్‌ను కదిలించలేదు. పక్కనే ఉన్న కార్బన్ ఆ ఆక్సిజన్‌ను కార్బన్ మోనాక్సైడ్ రూపంలో పట్టుకుపోతుంటే, ఖాళీ అయిన చోట క్లోరిన్ చేరుతుంది. ఇద్దరూ కలిసి చేయవలసిన పని అది. వచ్చిన అనార్ద్ర క్లోరైడ్‌ను పొటాషియం–పాదరస మిశ్రమంతో క్షయకరణం చేసి, అంటే అందులోని క్లోరిన్‌ను తొలగించి, అయర్‌స్టెడ్ లోహపు ముద్దను రాబట్టాడు. 1827లో జర్మనీకి చెందిన వోలర్ అదే క్లోరైడ్ మీద పొటాషియం లోహాన్ని ప్రయోగించి అల్యూమినియంను పొడిగా వేరుచేశాడు. అంటే ఈ లోహం మొదటిసారి మనిషి కంటబడింది అనార్ద్ర క్లోరైడ్ దారిలోనే. వారి దగ్గర హైడ్రేట్ తప్ప మరేదీ లేకపోయి ఉంటే ఆ దారి మూసుకుపోయి ఉండేది.

ఈ రోజుల్లో లోహమే సులభంగా దొరుకుతుంది కనుక కరిగిన అల్యూమినియం మీదుగా క్లోరిన్‌ను పంపి నేరుగా తయారు చేస్తారు. 650 నుంచి 750 డిగ్రీల మధ్య జరిగే ఆ చర్య ఎంతో ఉష్ణాన్ని విడుదల చేస్తుంది.

పరీక్షనాళిక

అందరికీ కృతజ్ఞతలు. తులాదండం గారు చెప్పిన పరీక్షలు చేశాను. చిటికెడు పొడిని నీటిలో వేస్తే చప్పుడు లేదు, వేడి లేదు, పొగ లేదు. పిండి లాగా అడుగుకు దిగిపోయింది. వడకట్టిన నీటిలో సిల్వర్ నైట్రేట్ వేస్తే పలుచని పాలరంగు మసక మాత్రమే వచ్చింది.

మొదటిసారి వాచ్ గ్లాస్ పట్టలేదు కనుక మరికొన్ని స్ఫటికాలతో మళ్లీ చేసి, ఈసారి చల్లని వాచ్ గ్లాస్‌ను మూస మీద పటకారుతో పట్టాను. ఉత్పతనం చెందిన లవణమైతే తెల్లని పొడిగా అంటుకోవాలని ఎదురుచూశాను. పొడి లేదు. చిన్న చిన్న నీటిబొట్లు మాత్రం వరుసగా చేరాయి. ఒక బొట్టుకు నీలి లిట్మస్ తాకిస్తే వెంటనే ఎర్రబడింది. మరో బొట్టుకు సిల్వర్ నైట్రేట్ చేర్చితే చిక్కని తెల్లని అవక్షేపం వచ్చింది. క్లోరిన్ అంతా ఆ బొట్లలో ఉన్నదని ఇప్పుడు కళ్లతో చూశాను. ఉత్పతనం గురించిన నా ఊహ తప్పు.

అయితే నిజమైన అనార్ద్ర లవణాన్ని ప్రయోగశాలలో ఎలా తయారు చేస్తారో, అది వచ్చిందని ఎలా గుర్తిస్తారో కూడా తెలుసుకోవాలని ఉన్నది.

రసాయన బోధకుడు

చాలా చక్కగా చేశారు. ఆ వాచ్ గ్లాస్ బొట్ల పరీక్షను ఇకపై నా తరగతిలో చూపిస్తాను.

తయారీ గురించి: నీరు ఒక్కసారి లోహాన్ని చేరితే వెనక్కి తీయలేము కనుక, మొదటి నుంచి చివరి వరకు నీరు చేరకుండా చూడడమే ఈ తయారీలో సగం పని. గట్టి గాజు గొట్టంలో అల్యూమినియం తురుము పరిచి, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం గుండా పంపి ఆరబెట్టిన క్లోరిన్‌ను దాని మీదుగా పోనిస్తారు. లోపలి గాలిని క్లోరిన్ పూర్తిగా తరిమేశాకే వేడిచేయడం మొదలుపెట్టాలి. చర్య ఒకసారి అందుకుంటే తురుము తనంతట తానే వెలుగుతుంది కనుక మంట తగ్గించవచ్చు. తయారైన క్లోరైడ్ ఆవిరిగా ముందుకు సాగి, చల్లగా ఉంచిన సీసాలో పొడిగా పేరుకుంటుంది. ఇక్కడ కొత్తవారు చేసే పొరపాటు సన్నని గొట్టం వాడడం. ఆవిరి చల్లబడగానే ద్రవం కాకుండా నేరుగా ఘనమవుతుంది కనుక సన్నని గొట్టం నిమిషాల్లో మూసుకుపోయి, వెనుక పీడనం పెరిగి ప్రమాదం జరుగుతుంది. సీసా అవతలి చివర కాల్షియం క్లోరైడ్ నింపిన గొట్టం పెట్టి బయటి తేమను అడ్డుకోవాలి. మిగిలిన క్లోరిన్‌ను సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలోకి పంపాలి. క్లోరిన్‌కు బదులు పొడి హైడ్రోజన్ క్లోరైడ్ వాడినా అదే లవణం వస్తుంది. అప్పుడు హైడ్రోజన్ కూడా వెలువడుతుంది కనుక గాలి మిగలకుండా తరమడం మరింత ముఖ్యం. ఇదంతా పొగగూడు (హానికర వాయువులను బయటికి లాగే గూడు) కింద, అనుభవమున్నవారి సమక్షంలోనే చేయవలసిన పని.

శుద్ధమైన లవణం తెల్లగా ఉంటుంది. మనకు సీసాల్లో కనిపించేది తరచు పసుపుపచ్చగా ఉండడానికి కారణం అందులోని ఫెర్రిక్ క్లోరైడ్ అనే ఇనుము లవణం. దాన్ని తొలగించడానికి కొంచెం అల్యూమినియం పొడి కలిపి తిరిగి ఉత్పతనం చేస్తారు. అల్యూమినియం ఫెర్రిక్ క్లోరైడ్‌ను ఫెర్రస్ క్లోరైడ్‌గా క్షయకరిస్తుంది; అది అంత వేడికి ఆవిరి కాదు కనుక వెనకే ఉండిపోతుంది.

స్ఫటికశిల్పి

ధర్మాల గురించి ఒక విషయం చేర్చాలని ఉన్నది. అల్యూమినియం క్లోరైడ్ అయానిక పదార్థమా, సమయోజనీయ పదార్థమా అన్న ప్రశ్నకు విద్యార్థులు ఒక్క మాటలో జవాబు రాస్తుంటారు. స్థితిని చెప్పకుండా ఆ జవాబు చెప్పడం సరికాదు.

ఘన స్ఫటికంలో ప్రతి అల్యూమినియం చుట్టూ ఆరు క్లోరిన్‌లు పొరలు పొరలుగా అమరి ఉంటాయి. పీడనం కింద 193 డిగ్రీల దగ్గర కరిగినప్పుడు ఆ అమరిక కూలిపోయి, రెండు అల్యూమినియం, ఆరు క్లోరిన్ పరమాణువులున్న ద్విఅణుకాలు ఏర్పడతాయి. అందులో ప్రతి అల్యూమినియం చుట్టూ నాలుగు క్లోరిన్‌లే ఉంటాయి. రెండు క్లోరిన్‌లు వంతెనల్లాగా అల్యూమినియంలను కలుపుతాయి. సామాన్య లవణాలు కరిగితే విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తాయి. ఇది తద్విరుద్ధం. ఘనరూపంలో వేడెక్కేకొద్దీ పెరుగుతూ వచ్చిన వాహకత కరిగే చోట దాదాపు సున్నాకు పడిపోతుంది. ఘనపరిమాణం మాత్రం ఒక్కసారిగా బాగా పెరుగుతుంది. ఆవిరి సాంద్రతను కొలిస్తే దాదాపు 400 డిగ్రీల వరకు అణుభారం 267 చుట్టూ, అంటే ద్విఅణుకానికి సరిపడేంత వస్తుంది. ఇంకా వేడిచేస్తే ద్విఅణుకం రెండుగా విడిపోయి, మూడు క్లోరిన్‌లతో సమతలంగా ఉన్న ఒంటరి అణువులు ఏర్పడతాయి.

ఆ ఒంటరి అణువులో అల్యూమినియం చుట్టూ ఆరు ఎలక్ట్రాన్‌లే ఉన్నాయి. ఇంకొక జంట కోసం అది దేన్నైనా ఆశ్రయిస్తుంది: పక్క అణువులోని క్లోరిన్‌ను, నీటిలోని ఆక్సిజన్‌ను, కీటోన్ అనే కర్బన సమ్మేళనంలోని ఆక్సిజన్‌ను. లూయీ ఆమ్లంగా, అంటే ఎలక్ట్రాన్ జంటను స్వీకరించే పదార్థంగా, దాని ఉపయోగమూ, గాలి తగిలితే పాడైపోయే స్వభావమూ ఈ ఒక్క లోటు నుంచే వచ్చాయి.

తులాదండం

స్ఫటికశిల్పి గారు కీటోన్ ప్రస్తావన తెచ్చారు కనుక ఫ్రీడెల్–క్రాఫ్ట్స్ చర్య గురించి నాలుగు మాటలు. 1877లో ఫ్రీడెల్, క్రాఫ్ట్స్ బెంజీన్‌లో అమైల్ క్లోరైడ్ మీద అల్యూమినియం లోహాన్ని ప్రయోగిస్తూ, హైడ్రోజన్ క్లోరైడ్ వెలువడడాన్ని, బెంజీన్‌కు కార్బన్ గొలుసు అతుక్కోవడాన్ని గమనించారు. ఆ పని చేస్తున్నది లోహం కాదని, అక్కడే తయారవుతున్న అనార్ద్ర క్లోరైడ్ అని వారు గుర్తించడం గొప్ప విషయం.

ఆల్కైల్ సమూహాన్ని (కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉన్న గొలుసును) చేర్చేటప్పుడు ఈ లవణం కొద్దిగా ఉంటే చాలు. ఎసైల్ సమూహాన్ని (ఆక్సిజన్ కూడా ఉన్న కార్బన్ సమూహాన్ని) చేర్చేటప్పుడు మాత్రం ఒక మోల్‌కు పైగానే కావాలి, ఎందుకంటే తయారైన కీటోన్ తన ఆక్సిజన్‌తో లవణాన్ని పట్టుకుని వదలదు. చర్య ముగిశాక మంచులో పోసినప్పుడే ఆ పట్టు విడుతుంది. హైడ్రేట్‌లో నీరు చేసిన పనినే ఇక్కడ కీటోన్ చేస్తున్నది. హైడ్రేట్ ఈ చర్యకు ఎందుకు పనికిరాదో దీన్నిబట్టి తెలుస్తుంది: ఖాళీగా ఉండవలసిన చోట నీరు ముందే కూర్చుని ఉన్నది.

పాతసీసా

ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. భద్రత గురించి ఒక్క సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నేను పనిచేసిన ఒక ప్రయోగశాలలో ఏళ్ల తరబడి కదలని అనార్ద్ర అల్యూమినియం క్లోరైడ్ సీసా ఒకటి ఉండేది. మూత బిగుతుగా ఉండడం చూసి భద్రంగా ఉన్నదనుకున్నాను. మూత కొంచెం తిప్పగానే అది చేతిలో నుంచి ఎగిరి, తెల్లని పొగతో పాటు పొడి నా ముంజేతి మీద పడింది. మూత సందుల్లోంచి కొద్దికొద్దిగా చేరిన తేమ హైడ్రోజన్ క్లోరైడ్‌ను పుట్టించి, ఆ వాయువు లోపల పీడనంగా నిలిచి ఉన్నది. ముఖం పక్కకు తిప్పి ఉండడం వల్ల కళ్లు దక్కాయి. చర్మం మీద పొడిని ముందు పొడిగుడ్డతో దులిపి, ఆ తరువాత ధారాళంగా నీళ్లు పోసుకున్నాను.

పాత సీసాను పొగగూడులో, గుడ్డ చుట్టి, ముఖానికి దూరంగా మెల్లగా తెరవండి. పారవేయవలసి వస్తే లవణాన్ని కొంచెం కొంచెంగా మంచు మీద చల్లండి గాని, ఎన్నడూ లవణం మీద నీళ్లు పోయకండి.

పరీక్షనాళిక

పాతసీసా గారు చెప్పిన జాగ్రత్త రాసిపెట్టుకున్నాను. అనార్ద్ర లవణాన్ని తయారు చేసే వసతి మా దగ్గర లేదు కనుక, మా దగ్గర ఉన్న అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం నుంచి కనీసం మంచి హైడ్రేట్ స్ఫటికాలైనా తీయాలని అనుకుంటున్నాను. ద్రావణాన్ని మరిగించి ఇగిరిస్తే చివరికి జిగటగా మారి పాడవుతున్నది.

రసాయన బోధకుడు

ఇగిరించకండి, మరిగేటప్పుడే హైడ్రోజన్ క్లోరైడ్ పోవడం మొదలవుతుంది. చిక్కని ద్రావణాన్ని మంచులో ఉంచి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును పంపండి. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఈ హైడ్రేట్ కరిగేది చాలా తక్కువ కనుక స్ఫటికాలు వాటంతట అవే విడిపోతాయి. వాయువును నేరుగా గొట్టంతో ముంచితే ద్రావణం వెనక్కి పీల్చుకుంటుంది. బోర్లించిన గరాటు అంచు ద్రావణాన్ని తాకీ తాకనట్లుగా అమర్చండి. స్ఫటికాలను గాఢ ఆమ్లంతోనే కడగాలి, నీటితో కాదు. గాలిలోని తేమకు అవి చెమ్మగిల్లుతాయి కనుక వెంటనే మూత పెట్టండి.

పరీక్షనాళిక

అలాగే చేస్తాను, మాస్టారూ. మొదటి ప్రయోగంలో మిగిలిన పొడిలో పరీక్షకు తీసినది చిటికెడే కనుక, తక్కినదాన్ని తూచి 1.08 గ్రాములని రాసుకుని, మరో గంటసేపు పెద్ద మంట మీద ఉంచాను. ఇప్పుడు 0.98 గ్రాములు తూగింది. ఆ చిటికెడును కూడా లెక్కలోకి తీసుకుంటే మొత్తానికి 1.02 గ్రాములవుతుంది.